మనసు విప్పాలంటే... ఓ గది కావాలి

సాయంత్రం ఏడున్నర. మియాపూర్‌లో ఓ అపార్ట్‌మెంట్ గేటు బయట, కానుగ చెట్టు కింద చిన్న కారు ఆగి ఉంది. అద్దాలన్నీ పైకి ఎత్తి ఉన్నాయి. డ్రైవింగ్ సీట్లో కూర్చున్నావిడ ఫోన్‌ని స్టీరింగ్‌కి ఆనించి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మాట్లాడుతోంది. మొదట్లో సెల్లార్‌లో తన పార్కింగ్ దగ్గరే కూర్చునేది. అక్కడ సిగ్నల్ అందక వీడియో ఆగి ఆగి వచ్చేది. దాంతో రోడ్డు మీదికి మారింది. పైన మూడో అంతస్తులో రెండు పడగ్గదుల ఇల్లు. హాల్లో అత్తయ్య సీరియల్ చూస్తుంటారు. ఒక గదిలో పిల్లాడు హోంవర్క్ చేసుకుంటాడు. ఇంకో గదిలో భర్త ఆఫీసు కాల్‌లో ఉంటాడు. తలుపేసుకుని గంటసేపు మాట్లాడుకునే చోటు ఆవిడకు ఆ ఇంట్లో లేదు. అందుకే వారానికోసారి "కూరగాయలకు వెళ్లొస్తా" అని చెప్పి కిందికి దిగుతుంది. సెషన్ అయ్యాక నిజంగానే కూరగాయలు కొనుక్కుని పైకి వెళ్తుంది.

ఆవిడకు జబ్బేమీ లేదు. ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం, నెలాఖరు టార్గెట్లు, ఫ్లాటు మీద ఈఎమ్ఐ, పిల్లాడి మార్కులు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి, మళ్లీ నిద్ర పట్టదు. చిన్నదానికి విసుగు, ఊరికే కళ్లనీళ్లు. ఇంట్లో చెబితే "అందరికీ ఉండేవేగా" అంటారు. ఆసుపత్రికి వెళ్లాలంటే సెలవు పెట్టాలి, ట్రాఫిక్‌లో పడాలి, అక్కడ తెలిసినవాళ్లెవరైనా కనిపిస్తే ఏం చెప్పాలో ఆలోచించుకోవాలి. ఫోన్‌లో అయితే ఇవేవీ ఉండవు.

ఇలాంటి రోజువారీ ఒత్తిడికి ఆన్‌లైన్ థెరపీ పనికొస్తుందా? పనికొస్తుందనే నా నమ్మకం. అందరికీ మాత్రం కాదు. ఏ యాప్ మంచిది, ఏ ఆఫర్ చవక అని వెతకడంతో చాలామంది మొదలుపెడతారు. అంతకంటే ముందు చూసుకోవాల్సింది మన ఒత్తిడి ఎక్కడ పుట్టిందన్నది, మనం ఎలాంటి ఇంట్లో కూర్చుని మాట్లాడబోతున్నామన్నది.

ఒత్తిడి ఎక్కడిది?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మనవాళ్లు. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు అమెరికన్ మానసిక వైద్యులు జీవితంలో వచ్చే 43 మార్పులను వరసగా రాసి, ఒక్కోదానికీ ఒత్తిడి మార్కులు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100. పెళ్లికి 50. ఇంటి కోసం చేసిన పెద్ద అప్పుకి 31. సెలవులకు ఊరెళ్లడానికి కూడా 13 వేశారు. మంచి సంగతైనా సరే, మార్పంటేనే ఒంటికీ మనసుకీ బరువని వాళ్ల లెక్క. కాబట్టి కొత్త ఇంట్లోకి వెళ్లిన నెలలోనో, కూతురి పెళ్లి పనుల్లోనో నిద్ర కరువైతే అది జబ్బేమీ కాదు. చాలావరకు ఆ పని గట్టెక్కగానే అదీ తగ్గిపోతుంది. దానికి థెరపిస్టు అక్కర్లేదు. పనిని పంచుకునే అన్నయ్యో, వదినో, స్నేహితురాలో ఉంటే చాలు.

అసలు చిక్కు ఒత్తిడికి కారణం బయట ఉండి, మనల్ని మాత్రం లోపల సర్దుకోమన్నప్పుడు వస్తుంది. రాత్రి పదకొండింటికి కూడా మెసేజ్‌కి జవాబు ఆశించే మేనేజరు, ముగ్గురి పని ఒక్కరి నెత్తిన పెట్టిన కంపెనీ, జీతం రాని నెలలు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పని వల్ల పూర్తిగా అలసిపోయి కుంగిపోయే స్థితిని, అదే బర్న్‌అవుట్‌ని, తన జబ్బుల వర్గీకరణలో వివరంగా నిర్వచించింది. అయితే జబ్బుగా కాదు, పనికి సంబంధించిన పరిస్థితిగా. చక్కదిద్దని పని ఒత్తిడి నుంచి అది పుడుతుందని అందులో స్పష్టంగా రాసింది. పన్నెండు గంటల పని చేయించుకుని, దానితోపాటు ఓ వెల్‌నెస్ యాప్ ఉచితంగా ఇచ్చి చేతులు దులుపుకునే సంస్థలను చూస్తే నాకు కోపం వస్తుంది. శ్వాస మీద ధ్యాస పెట్టమని చెప్పడం మంచిదే. ముందు ఆ మనిషిని ఇంటికి పోనివ్వాలి. ఇలాంటి చోట మంచి థెరపిస్టు మీ మేనేజరును మార్చలేరు. "ఇది నా వల్ల కాదు" అని ఎప్పుడు, ఎలా చెప్పాలో, ఉద్యోగం మారాలో వద్దో తేటగా ఆలోచించుకోవడానికి మాత్రం తోడుంటారు. ఆ సాయం చిన్నదేమీ కాదు.

ఆన్‌లైన్ థెరపీ నిజంగా ఫలమిచ్చేది ఇంకో రకం ఒత్తిడికి. కారణం చిన్నదే, లేదా ఎప్పుడో దాటిపోయింది. ఆలోచన మాత్రం ఆగదు. అదే మాట, అదే సంఘటన మనసులో తిరుగుతూనే ఉంటుంది. ఫోన్ మోగితే గుండె దడ. మీటింగ్ ఉందంటే ముందురోజు నుంచే కడుపులో తిప్పడం. ఇది వారాల తరబడి సాగుతూ, నిద్రనీ పనినీ ఇంట్లో మాటతీరునీ పాడు చేస్తుంటే అప్పుడు ఒక మనిషి సాయం తీసుకోవాలి.

వీడియో కాల్‌తో సరిపెట్టుకోకూడని పరిస్థితులు కూడా ఉన్నాయి. రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేకపోవడం, తిండి మానేయడం, మద్యం లేనిదే రోజు గడవకపోవడం, ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం, ఇంట్లో హింస, చనిపోవాలన్న ఆలోచన. వీటిలో ఏదున్నా నేరుగా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖలో చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, ఇంకా ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోని సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే యాప్‌లో వచ్చే మంగళవారం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఈ క్షణమే ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి.

తెర మీద ఏం జరుగుతుంది?

"ఊరికే మాట్లాడితే ఒత్తిడి ఎలా తగ్గుతుందండీ?" అని చాలామంది అడుగుతారు. సెషన్ ఊరికే మాట్లాడటంలా ఉండదు. ఉదాహరణకి, రాత్రి తొమ్మిదింటికి బాస్ నుంచి "రేపు పొద్దున్నే కలవండి" అని మెసేజ్ వచ్చింది. వెంటనే గుండె దడ, చేతులకు చెమట, ఆ రాత్రికి నిద్ర లేదు. దీన్నే ముక్కలు ముక్కలుగా విడదీయమంటారు థెరపిస్టు. మెసేజ్ చదవగానే మనసులో మెదిలిన మొదటి మాట ఏమిటి? 'ఉద్యోగం పోయినట్టే.' ఇంతకుముందు ఆయన అలా పిలిచినప్పుడు ఏం జరిగింది? ఒకసారి రిపోర్టు అడిగారు, ఒకసారి సెలవుల గురించి మాట్లాడారు, ఒకసారి కసురుకున్నారు. ఉద్యోగం పోయిందా? లేదు. ఇదంతా చెప్పించి ఊరుకోరు, నోట్‌బుక్‌లో రాయమంటారు. ఏం జరిగింది, ఏమనుకున్నాను, ఒంట్లో ఏమైంది, తర్వాత నిజంగా ఏమైంది అని గడులు గీసి వారం పాటు నింపి తెమ్మంటారు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, క్లుప్తంగా సీబీటీ, చాలావరకు ఇలాగే నడుస్తుంది. వారానికి ఒక గంట సెషన్ అయితే, ఫలితం మిగతా ఆరు రోజుల్లో మనం చేసే ఈ రాతపని మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ఈ పని గదిలో ఎదురెదురుగా కూర్చుని చేసినా, తెర మీద చేసినా పెద్ద తేడా ఉండదని పరిశోధనలు చెబుతున్నాయి. స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ విశ్వవిద్యాలయంలో గెర్హార్డ్ ఆండర్సన్ దీనిమీద ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఆయనా, సహ పరిశోధకులూ కలిసి 20 అధ్యయనాలను పక్కపక్కన పెట్టి 2018లో ప్రచురించిన విశ్లేషణలో, థెరపిస్టు తోడుగా ఇంటర్నెట్‌లో సాగిన సీబీటీకీ ముఖాముఖి చికిత్సకీ ఫలితాలు దాదాపు సమానంగా తేలాయి. ఇక్కడ 'థెరపిస్టు తోడుగా' అన్నది ముఖ్యం. మనిషి తోడు లేకుండా పాఠాలూ వీడియోలూ మాత్రమే ఇచ్చే కార్యక్రమాల ప్రభావం తక్కువ. మధ్యలో వదిలేసేవాళ్లూ వాటిలోనే ఎక్కువ. ఏడాదికి చందా కట్టి, పదిహేను రోజుల తర్వాత తెరవని ధ్యానం యాప్ మీ ఫోన్‌లోనూ ఉండే ఉంటుంది.

దూరం నుంచి చికిత్స అన్నది కరోనాతో పుట్టిందనుకుంటాం కానీ, 1959లోనే అమెరికాలోని నెబ్రాస్కాలో సిసిల్ విట్సన్ అనే వైద్యుడు రెండువైపులా కనిపించే టెలివిజన్ ద్వారా గ్రూప్ థెరపీ నడిపారు. మన దగ్గర 2020 మార్చిలో టెలీమెడిసిన్ మార్గదర్శకాలు రావడంతో వైద్యులు ఆన్‌లైన్‌లో రోగులను చూడటానికి స్పష్టమైన నియమాలు ఏర్పడ్డాయి. దూరం నుంచి చికిత్స అవసరం నగరం వాళ్లకంటే జిల్లాల వాళ్లకే ఎక్కువ. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మానసిక సమస్యలున్నవారిలో చికిత్స అందనివారు, సమస్యను బట్టి, 70 శాతం నుంచి 92 శాతం దాకా ఉన్నారు. ఉట్నూరులోనో, పలాసలోనో ఉన్న ఓ టీచరు వారం వారం సైకాలజిస్టు దగ్గరికి ప్రయాణం చేయాలంటే ఒత్తిడి తగ్గడానికి బదులు పెరుగుతుంది.

తెర వల్ల పోయేవీ ఉన్నాయి. వణికే చేతివేళ్లు, నేలకేసి రాసే కాలు ఫ్రేములోకి రావు. అన్నిటికంటే పెద్ద నష్టం మౌనానికి. ముఖాముఖి గదిలో మనిషి మాట ఆగిపోతే, ఎదురున్నవాళ్లు ఓపిగ్గా కూర్చుంటారు. చెప్పలేని మాట చాలాసార్లు ఆ మౌనం తర్వాతే బయటికొస్తుంది. వీడియోలో అదే మౌనం వస్తే "హలో, వినిపిస్తోందా?" అన్న ప్రశ్న వస్తుంది. ఏడుపు గొంతుదాకా వచ్చినప్పుడు నెట్ పోతే ఆ మనిషి ఒంటరిగా, ఆగిపోయిన ఓ ముఖం ముందు మిగిలిపోతారు. అందుకే మొదటి సెషన్‌లోనే రెండు మాటలు అనుకోవాలి: లైన్ కట్టయితే ఎవరు తిరిగి ఫోన్ చేయాలి, నేను మాట్లాడకుండా ఉంటే అది నెట్ సమస్య కాదని మీకెలా తెలుస్తుంది. ఇంకొకటి, తెర మూలన మన ముఖం మనకే కనిపిస్తుంటే మాటకంటే జుట్టు మీదికీ కళ్లకింది నలుపు మీదికీ ధ్యాస పోతుంది. ఆ చిన్న కిటికీని మనకు కనిపించకుండా దాచేసే సదుపాయం చాలా యాప్‌లలో ఉంది.

తలుపున్న గది

ఆన్‌లైన్ థెరపీ గురించి వచ్చే ప్రకటనలన్నిటిలో ఒక అమ్మాయి పెద్ద సోఫాలో, వెలుతురున్న గదిలో, కాఫీ కప్పు పట్టుకుని ఒంటరిగా కూర్చుని ఉంటుంది. మన ఇళ్లలో ఎంతమందికి అలాంటి గది ఉంది? ఇయర్‌ఫోన్స్ అవతలివాళ్ల గొంతును దాస్తాయే తప్ప మన గొంతును దాచవు. అత్తయ్య గురించి చెప్పాల్సిన మాట అత్తయ్య వింటుండగా చెప్పలేం. చెప్పలేనప్పుడు మనసు విప్పకుండా వాతావరణం గురించి మాట్లాడినట్టు మాట్లాడి, డబ్బు కట్టి, 'ఇదేం పనిచేయదు' అని మానేస్తాం. లోపం చికిత్సది కాదు, చోటుది.

కాబట్టి బుక్ చేసుకునే ముందే మాట్లాడే చోటు వెతుక్కోవాలి. ఆగి ఉన్న కారు మంచిదే. డాబా మీద రాత్రి ఎనిమిది దాటాక, పార్కులో జనం పలచబడ్డ మూల, ఆఫీసులో ఖాళీగా ఉన్న మీటింగ్ గది, పగటిపూట ఖాళీగా ఉండే స్నేహితురాలి ఇల్లు, ఏదైనా పరవాలేదు. కొందరు వీడియో కట్టేసి, నడుస్తూ ఫోన్‌లోనే మాట్లాడతారు. అలాగే వాళ్ల మాట సాఫీగా వస్తుంది. మధ్యలో ఎవరైనా వస్తే చెప్పడానికి థెరపిస్టుతో ముందే ఓ మాట అనుకోండి: "సరేనండీ, పార్శిల్ రేపు పంపండి." ఆ మాట వినగానే అవతలివాళ్లు ఆగిపోతారు. ఇంట్లో ఫోన్‌ని ఇంకొకరు తనిఖీ చేస్తుంటే, చేయి చేసుకునే మనిషి ఇంట్లో ఉంటే మాత్రం ఇంటి నుంచి సెషన్ అసలే వద్దు. మెసేజ్‌లు, బిల్లులు, యాప్ గుర్తు ఇవే ప్రమాదం తెచ్చిపెట్టొచ్చు. అలాంటివాళ్లకు బయట ముఖాముఖిగా కలవడమే క్షేమం.

హాస్టళ్లలో పిల్లల పరిస్థితి మరీ కష్టం. గదికి నలుగురైదుగురు, ఫోన్ వార్డెన్ దగ్గర. ఆ పిల్లలకు ఏ యాప్ అందదు. కాలేజీలో నిజంగా పనిచేసే కౌన్సెలర్ ఉండాలి, తలుపున్న గదిలో.

అవతల ఉన్నదెవరు?

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో, అంటే ఆర్‌సీఐలో నమోదై ఉండాలి. వాళ్లకు ఓ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. సైకియాట్రిస్టులు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టర్లు. మందులు రాసేది వాళ్లే. ఇక 'కౌన్సెలర్', 'లైఫ్ కోచ్', 'మైండ్ హీలర్' అన్న పేర్లు చాలాచోట్ల కనిపిస్తాయి. వీరిలో సైకాలజీలో ఎంఏ, ఎమ్మెస్సీ చేసి, పర్యవేక్షణలో శిక్షణ పొందినవాళ్లున్నారు. వారాంతపు వర్క్‌షాప్ సర్టిఫికెట్ గోడకు తగిలించినవాళ్లూ ఉన్నారు. 2021లో అలైడ్ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చాక ఈ రంగాన్ని ఓ క్రమంలో పెట్టే ప్రయత్నం మొదలైంది. ఈలోగా అడిగి తెలుసుకోవడం మన పనే. "మీరేం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు, మీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత" అని అడిగితే మంచివాళ్లు నొచ్చుకోరు. నొచ్చుకుంటే మరొకరిని చూసుకోండి.

భాష సంగతి చాలామంది ఆలోచించరు. ఆఫీసులో రోజంతా ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లకు కూడా నాన్న మీద కోపం, అమ్మతో గొడవ ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వచ్చేసరికి అదేదో వేరేవాళ్ల కథలా చప్పబడిపోతుంది. మీకు ఏ భాషలో ఏడుపొస్తుందో ఆ భాష తెలిసినవాళ్లు కావాలి. మన ఇళ్ల తీరు తెలిసినవాళ్లయితే ఇంకా మేలు. ఆడపడుచు మాటకు పండగరోజు ఎందుకంత బాధ కలిగిందో వివరించడానికే సగం సెషన్ పోకూడదు. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్లు హైదరాబాద్ సైకాలజిస్టులను వెతుక్కోవడానికి ఓ కారణం ఇదే. హెచ్-1బీ వీసా మీద ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి మామూలుగా దొరికేది 60 రోజులు. ఆ రోజుల్లో రాత్రి రెండింటికి పట్టే భయాన్ని తెలుగులో చెప్పుకోవాలనిపించడం సహజం. అక్కడి నియమాల ప్రకారం మాత్రం మనం ఏ రాష్ట్రంలో కూర్చుని మాట్లాడుతున్నామో ఆ రాష్ట్రంలో థెరపిస్టుకు లైసెన్సు ఉండాలి. కాబట్టి ముందు అక్కడే తెలుగు తెలిసినవాళ్లు ఉన్నారేమో చూడటం మంచిది.

అర్ధరాత్రి చాట్‌బాట్‌తో బాధ చెప్పుకునేవాళ్లు ఇప్పుడు పెరుగుతున్నారు. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎంఐటీలో 'ఎలీజా' అనే ప్రోగ్రాం రాశారు. మనం అన్నదాన్నే ప్రశ్నగా తిప్పి అడగడం తప్ప దానికేమీ రాదు. అయినా ఆయన సెక్రటరీ దానితో మాట్లాడుతూ, కాసేపు గదిలోంచి బయటికి వెళ్లమని ఆయన్నే అడిగిందట. మనిషికి చెప్పుకోవాలన్న ఆకలి అంతటిది. చాట్‌బాట్‌లో రాసుకుంటే కాస్త తేలికపడొచ్చు. కానీ మీరు వారం రోజులు కనిపించకపోతే కంగారుపడి ఫోన్ చేసే మనిషి అక్కడ లేరు.

గోప్యత విషయంలో అప్రమత్తంగా ఉండటానికి గట్టి కారణాలున్నాయి. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, బెటర్‌హెల్ప్ అనే థెరపీ సంస్థ తన వినియోగదారుల సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివాటికి అందించిందని ఆరోపించి 78 లక్షల డాలర్లు కట్టమంది. ఫిన్లాండ్‌లో వస్తామో అనే సంస్థ నుంచి దాదాపు 33 వేల మంది రోగుల థెరపీ నోట్స్ దొంగల చేతిలో పడ్డ సంగతి 2020లో బయటపడింది. 'డబ్బు పంపకపోతే నీ రహస్యాలు బయటపెడతా'మని రోగులకే నేరుగా ఈమెయిళ్లు వెళ్లాయి. కాబట్టి నోట్స్ ఎక్కడ దాస్తారు, రికార్డింగ్ చేస్తారా, కావాలంటే తుడిచేస్తారా అని అడగండి. ఆఫీసు ఇచ్చే ఉచిత కౌన్సెలింగ్ అయితే హెచ్‌ఆర్‌కి ఏమేం తెలుస్తుందో రాతపూర్వకంగా తెప్పించుకుని చూడండి. ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం మాట్లాడకండి.

ఎంత ఖర్చు, ఎన్నాళ్లు?

ప్రైవేటులో ఒక్కో సెషన్‌కు వెయ్యి నుంచి రెండున్నర వేల దాకా అడగడం మామూలే. నెలకు నాలుగంటే మధ్యతరగతికి భారమే. ఆ ఖర్చే కొత్త ఒత్తిడి అయ్యేలా ఉంటే ముందు ఉచితంగా దొరికేది వాడుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం రోజు మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చుండదు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు. అవసరమనిపిస్తే పై నిపుణులకు కలుపుతారు. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకేనని చాలామంది దీన్ని పక్కన పెడతారు. పరీక్షల భయానికీ, నిద్ర పట్టకపోవడానికీ, ఇంటి గొడవలకూ కూడా చేయొచ్చు. ఆన్‌లైన్‌లో మాట్లాడటం మనకు నప్పుతుందో లేదో రూపాయి పెట్టకుండా తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

డబ్బు కట్టి మొదలుపెడితే ఇరవై సెషన్ల ప్యాకేజీ ముందే కొనకండి, ఎంత తగ్గింపు ఇచ్చినా సరే. నాలుగు నుంచి ఆరు సెషన్ల తర్వాత ఆగి చూసుకోవాలి. నిద్ర ఒక గంటైనా పెరిగిందా, పిల్లల మీద కసరడం తగ్గిందా, ఆదివారం సాయంత్రం గుబులు కాస్తయినా సద్దుమణిగిందా. ఏమీ కదల్లేదంటే ఆ మాట థెరపిస్టుతోనే అనాలి. చాలామంది మొహమాటపడి చెప్పకుండా మాయమైపోతారు. చెబితే పద్ధతి మార్చొచ్చు, ఇంకొకరి దగ్గరికి పంపొచ్చు, ముఖాముఖి కలుద్దామనొచ్చు. ఒకరితో కుదరకపోతే థెరపీయే కుదరదని కాదు.

మొదటి మెసేజ్ ఎలా రాయాలో తెలియకే ఆగిపోయేవాళ్లు ఎందరో. పెద్ద కథ అక్కర్లేదు, ఇంత రాస్తే చాలు:

"నమస్తే అండీ. నేను ఖమ్మంలో ఉంటాను, స్కూల్లో లెక్కలు చెబుతాను. రెండు నెలలుగా సరిగా నిద్ర పట్టడం లేదు, పని మీద మనసు నిలవడం లేదు. చనిపోవాలన్న ఆలోచనలు లేవు, మందులేవీ వాడటం లేదు. తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలి. ఇంట్లో మాట్లాడటం కుదరదు. మధ్యాహ్నం మూడు తర్వాత స్కూల్లో లైబ్రరీ గది ఖాళీగా ఉంటుంది, అప్పుడైతే వీలవుతుంది. మీ చదువు, రిజిస్ట్రేషన్ నంబరు, సెషన్ ఫీజు చెప్పగలరా?"